లింగ్విస్టిక్స్ ఎం.ఏ. చేశాక ఏ తలుపులు తెరుచుకుంటాయి, ఏవి తెరుచుకోవు

లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం, ఎం.ఏ. మూడో సెమిస్టర్‌లో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోర్సు అయిపోయినవాళ్లకూ పనికొస్తుంది గానీ, డిసర్టేషన్ విషయం ఖాయం చేసుకునే ముందు చదివితే లాభం ఎక్కువ. ఈ డిగ్రీ పేరు చూసి ఇచ్చే ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. డిగ్రీలో నేర్చుకున్న పని చేసి చూపించి తెచ్చుకునే ఉద్యోగాలే ఎక్కువ. అలా చూపించడానికి మీ చేతిలో ఉన్న మొదటి అవకాశం డిసర్టేషనే.

ముందు కుదరనివి చెప్పేస్తాను. వీటి మీద ఆశ పెట్టుకుని ఏడాదీ రెండేళ్లూ పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

అన్నిటికన్నా పెద్ద అపోహ స్పీచ్ థెరపీ. ఫొనెటిక్స్ (ధ్వనుల శాస్త్రం) చదివాం, భాషా వికాసం చదివాం, కాబట్టి స్పీచ్ థెరపిస్టుగా చేరొచ్చు అనుకుంటారు. చేరలేరు. దానికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, వాక్ చికిత్స) డిగ్రీ కావాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ కావాలి. ఎం.ఏ. లింగ్విస్టిక్స్‌తో ఆ రిజిస్ట్రేషన్ రాదు. ఆ రంగం మీద నిజంగా ఇష్టముంటే పిల్లల భాష, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) లాంటి విషయాల మీద పరిశోధన చేయొచ్చు, క్లినిక్‌లో ఉన్నవాళ్లతో కలిసి పరీక్షా సామగ్రి తయారు చేయొచ్చు. రోగికి చికిత్స చేసే హక్కు మాత్రం వేరే డిగ్రీది.

రెండోది బడి, కాలేజీ ఉద్యోగాలు. స్కూల్ అసిస్టెంట్ తెలుగు పోస్టుకు డిగ్రీలో తెలుగు సబ్జెక్టు ఉండాలి లేదా ఎం.ఏ. తెలుగు ఉండాలి, దానికి తోడు బీఈడీ లేదా పండిట్ శిక్షణ కావాలి. జూనియర్ లెక్చరర్ తెలుగు పోస్టుకు ఎం.ఏ. తెలుగే అడుగుతారు, ఇంగ్లిష్‌కు ఎం.ఏ. ఇంగ్లిషే. యూజీసీ 2018 నిబంధనల్లో "సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు" అనే మాట ఉంది. దాన్ని పట్టుకుని కొందరు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు దరఖాస్తు చేస్తారు. లింగ్విస్టిక్స్ అనుబంధమో కాదో తేల్చేది ఆ నోటిఫికేషన్, ఆ స్క్రీనింగ్ కమిటీ. ఫీజు కట్టే ముందు నోటిఫికేషన్‌లో అర్హతల పేరా ఒక్కటి రెండుసార్లు చదవండి. బీఏలో తెలుగో ఇంగ్లిషో మెయిన్‌గా చదివినవాళ్లు దూరవిద్యలో ఆ సబ్జెక్టు ఎం.ఏ. కూడా చేసి పెట్టుకోవడం తెలివైన పని. రెండు పీజీలున్న అభ్యర్థికి రెండు వరసల్లో నిలబడే వీలుంటుంది.

సివిల్స్ రాసేవాళ్లకు ఒక మాట. యూపీఎస్సీ ఆప్షనల్స్‌లో లింగ్విస్టిక్స్ లేదు. కానీ తెలుగు సాహిత్యం ఆప్షనల్ మొదటి పేపర్‌లో ఒక భాగం మొత్తం భాషా చరిత్రే. ద్రావిడ భాషల్లో తెలుగు స్థానం, ధ్వని పరిణామాలు, మాండలికాలు, వాక్యనిర్మాణం, అనువాద సమస్యలు అందులోకి వస్తాయి. సాహిత్యం మీద కొంత పట్టున్న లింగ్విస్టిక్స్ విద్యార్థికి ఇది దగ్గర దారి.

నెట్, జేఆర్‌ఎఫ్, పీహెచ్‌డీ

అధ్యాపక వృత్తి కావాలనుకుంటే ముందు చూడాల్సింది నెట్. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్‌కూ పెట్టే జాతీయ పరీక్ష ఇది. లింగ్విస్టిక్స్ సబ్జెక్టు కోడ్ 31. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, 100 మార్కులు. రెండోది 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండూ కలిపి 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా మొదటి పేపర్‌లో. సింటాక్స్ (వాక్యనిర్మాణం) బాగా వచ్చినవాళ్లు "అది జనరల్ పేపరే కదా" అని వదిలేస్తారు. ఫలితం తేలేది 300 మార్కుల మొత్తం మీద. అంటే మూడో వంతు మార్కులు బోధనా సామర్థ్యం, డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజిక్ లాంటి వాటి నుంచే వస్తాయి. పాత ప్రశ్నపత్రాలు పదిహేను ఇరవై దగ్గర పెట్టుకుని రోజుకు గంట చొప్పున రెండు నెలలు చేస్తే ఈ పేపర్ దారిలో పడుతుంది.

రెండో పేపర్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒక్కో డిపార్ట్‌మెంట్‌కు ఒక్కో బలం. సిద్ధాంతం బాగా చెప్పేచోట చదివినవాళ్లకు దక్షిణాసియా భాషా కుటుంబాలు, నిఘంటు నిర్మాణం, అనువాదం మీద పట్టు తక్కువ. అనువర్తిత భాషాశాస్త్రం ఎక్కువగా చెప్పేచోట చదివినవాళ్లకు ఫార్మల్ సెమాంటిక్స్ (అర్థాన్ని తర్కసూత్రాలతో వివరించడం) తడబడుతుంది. ముండా భాషల మీద, టిబెటో బర్మన్ మీద మీ క్లాసులో ఎన్ని గంటలు చెప్పారో లెక్క వేసుకోండి. అక్కడే మీ ఖాళీ కనబడుతుంది.

జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 ఏళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు పరిమితి లేదు. జేఆర్‌ఎఫ్ మొత్తం 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరితే వచ్చే నాన్ నెట్ ఫెలోషిప్ 8,000. ఈ తేడా ఐదేళ్ల జీవితాన్ని మార్చేస్తుంది. ఇల్లు గడవాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఇంకో రెండుసార్లు నెట్ రాసి జేఆర్‌ఎఫ్‌తో చేరడమే మంచిదని నా అభిప్రాయం. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు తీసుకుంటున్నారు. జేఆర్‌ఎఫ్ రానివాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది, కాబట్టి ఏ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ముందే రాసి పెట్టుకోవాలి.

ఉద్యోగం దొరికితే ప్రవేశ మూలవేతనం 57,700. కానీ తెలుగు రాష్ట్రాల్లో లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కాల్ట్స్ అనే భాషాశాస్త్ర కేంద్రం, హైదరాబాద్‌లోనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ముఖ్యమైనవి. పీహెచ్‌డీ అయ్యాక ఇతర రాష్ట్రాలకు వెళ్లడానికి మనసు సిద్ధం చేసుకోవాలి.

భాషా సాంకేతికత

ఇవాళ లింగ్విస్టిక్స్ చదివినవాళ్లకు నిజంగా పని ఉన్నది ఇక్కడే. ఇది ఫ్యాషన్ కోసం చెప్పడం లేదు. వాక్యనిర్మాణం గుర్తించి పెట్టిన వాక్యాల నిధిని ట్రీబ్యాంకు అంటారు. యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే అంతర్జాతీయ సేకరణలో హిందీ ట్రీబ్యాంకుకు 16 వేలకు పైగా వాక్యాలున్నాయి. అదే సేకరణలో తెలుగు ట్రీబ్యాంకు ఎంటీజీలో ఉన్నవి 1,328. అవి కూడా ఒక వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణ వాక్యాలు, అంటే చాలావరకు పొట్టివి. ఎనిమిది కోట్ల మందికి మాతృభాషగా 2011 జనగణనలో నమోదైన భాష పరిస్థితి ఇది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని భాషా సాంకేతికత పరిశోధన కేంద్రం ఎల్‌టీఆర్‌సీ, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్, 2022 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక భాషిణి, ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్, వీటికి తోడు ప్రైవేటు కంపెనీల వాయిస్, అనువాద బృందాలు, అందరికీ భాష తెలిసిన మనిషి కావాలి. "తెలుగు వచ్చు" అన్నంత మాత్రాన అక్కడ చాలదు. తెలుగులో ఏది ఎందుకు అలా ఉందో నియమంగా రాసి ఇవ్వగలగాలి.

చిన్న ఉదాహరణ చూడండి. రాతను చదివి వినిపించే యంత్రానికి అంకెలు ఎలా పలకాలో నేర్పాలి. "3 గంటలు" అంటే మూడు గంటలు. "3 మంది" అంటే ముగ్గురు. ఇక్కడ అంకె మారడమే కాదు, "మంది" అనే మాట మాయమవ్వాలి. "3 మందికి" అంటే ముగ్గురికి, విభక్తి వెళ్లి సంఖ్యకు అతుక్కుంటుంది. "8 మంది" దగ్గరకొస్తే ఎనమండుగురు అనాలా, ఎనిమిది మంది అనాలా? ఇవాళ్టి వాడుకలో రెండోదే ఎక్కువ. కాబట్టి నియమం ఎక్కడ ఆగాలో నిర్ణయించాలి. "1.5 లక్షలు" ఒకటి పాయింట్ ఐదు లక్షలు కాదు, లక్షన్నర. ఇంజనీరు ఈ కోడ్ రాయగలడు, కానీ ఈ జాబితా ఆయన చేతికి రావాలి కదా. ఆ జాబితా తయారు చేయడం లింగ్విస్ట్ పని.

ఉచ్చారణ నిఘంటువు దగ్గరా ఇంతే. "చాప"లో చ వేరు, "చీమ"లో చ వేరు. అ, ఆ, ఉ, ఒ లాంటి అచ్చుల ముందు దేశ్యపదాల్లో చ దంత్యంగా పలుకుతుంది, ఇ, ఎ ముందు తాలవ్యంగా పలుకుతుంది. అయితే "చంద్రుడు" సంస్కృతం నుంచి వచ్చింది, దాన్ని "చల్ల"లో చ లాగా పలికితే వినేవాడికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "జున్ను", "జాబ్" మధ్య కూడా అదే తేడా. అంటే ప్రతి మాటకూ అది దేశ్యమో, తత్సమమో, ఇంగ్లిష్ నుంచి వచ్చిందో గుర్తు పెట్టాలి. చారిత్రక భాషాశాస్త్రం క్లాసులో చదివినది నేరుగా డబ్బులు తెచ్చే పని అవుతుందని ఎవరూ చెప్పరు. ఇక్కడ అవుతుంది.

ఇక అనొటేషన్, అంటే యంత్రానికి నేర్పడానికి వాక్యాలకు గుర్తులు పెట్టే పని. ఈ పేరుతో వచ్చే ఉద్యోగాల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి, ఎవరో రాసిన గైడ్‌లైన్స్ ప్రకారం రోజంతా వాక్యాలకు గుర్తులు పెట్టడం, వాక్యానికి ఇంత అని లెక్క కట్టడం. రెండోది, ఆ గైడ్‌లైన్స్ రాయడం, ఇద్దరు అనొటేటర్లు విభేదించినప్పుడు తీర్పు చెప్పడం. మొదటి రకంలో ఆరు నెలలు ఉండొచ్చు, అనుభవం వస్తుంది. మూడేళ్లు ఉండకూడదు. ఇంటర్వ్యూలో మీరే అడగండి: గైడ్‌లైన్స్ ఎవరు రాస్తారు, వాటిని మార్చమని చెప్పే వీలుందా, ఒక్కో వాక్యం ఎంతమంది చూస్తారు, తేడా వస్తే ఎవరు తేలుస్తారు? జవాబు తడబడిందంటే అది మొదటి రకమే.

రెండో రకానికి వెళ్లాలంటే కప్పా లెక్క వచ్చి తీరాలి. యాదృచ్ఛికంగా కలిసేది తీసేశాక ఇద్దరి మధ్య నిజంగా ఎంత ఏకీభావం ఉందో చెప్పే కొలత ఇది. ఇద్దరు అనొటేటర్లు 100 వాక్యాలను "మామూలు", "కోపం" అని విడదీశారనుకోండి. 83 వాక్యాలకు ఇద్దరూ మామూలు అన్నారు, 3 వాక్యాలకు ఇద్దరూ కోపం అన్నారు, మిగిలిన 14 దగ్గర తేడా, చెరి 7. ఏకీభావం 86 శాతం, వినడానికి బాగానే ఉంది. కానీ ఇద్దరూ నూటికి 90 వాక్యాలకు మామూలు అనే గుర్తే పెడుతున్నారు. కళ్లు మూసుకుని పెట్టినా 0.9 × 0.9 + 0.1 × 0.1, అంటే 0.82 కలుస్తుంది. కాబట్టి కప్పా (0.86 − 0.82) / (1 − 0.82), అంటే 0.22. కోపాన్ని గుర్తించే విషయంలో ఈ ఇద్దరికీ దాదాపు పొంతనే లేదు. "86 శాతం" అని రిపోర్టులో రాసి పంపితే ఆ డేటా మీద తయారైన మోడల్ కోపాన్ని పట్టుకోలేదు. అప్పుడు చేయాల్సింది ఆ 14 వాక్యాలూ బయటికి తీసి చదవడం. వ్యంగ్యం ఉన్నవా, "ఏంటండీ ఇది" లాంటి స్వరం మీద ఆధారపడేవా, మాండలికం తేడానా? కారణం దొరికితే గైడ్‌లైన్‌లో ఒక పేరా చేరుతుంది.

వాక్యనిర్మాణ అనొటేషన్‌కు క్రియతో ప్రతి పదానికి ఉన్న సంబంధాన్ని గుర్తించే పాణినీయ కారక పద్ధతి నేర్చుకోండి, మన దగ్గర ఎక్కువ వాడేది అదే. "నాకు ఆకలిగా ఉంది"లో "నాకు" కర్తా, సంప్రదానమా? అందులో దానికి అనుభవకర్త అని విడిగా గుర్తు ఉంది. డేటివ్ సబ్జెక్ట్ ("కు" విభక్తితో వచ్చే కర్త) గురించి సింటాక్స్ క్లాసులో రాసిన వ్యాసాన్ని ఇక్కడ పనిలో పెట్టొచ్చు.

ప్రోగ్రామింగ్ ఎంత కావాలి? పైథాన్‌లో ఫైలు తెరవడం, పదాలు లెక్కపెట్టడం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల నమూనాతో వెతికే సూత్రాలు), పట్టికలతో పని. రోజుకు గంటన్నర పెడితే నాలుగైదు నెలల్లో వస్తుంది. తెలుగుతో మొదలుపెట్టండి, అప్పుడే అసలు సమస్యలు ఎదురవుతాయి. "క్రీ" మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు: క, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైథాన్‌తో వచ్చే మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీలో పదాక్షరానికి వాడే గుర్తు గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. "తెలుగు" ఇచ్చి పదాలు తీయమంటే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ఇది తెలియక పదాల జాబితా అంతా చెడగొట్టుకున్న ప్రాజెక్టులు ఉన్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న పరిధిని నేరుగా రాస్తే ఈ చిక్కు తప్పుతుంది. దాంతోపాటు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (రెండు అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తును) కూడా ఆ పరిధికి కలపాలి, లేకపోతే "మహేష్‌కి" రెండు ముక్కలవుతుంది.

అనువాదం, లోకలైజేషన్

ఆ "మహేష్‌కి" అన్న మాటే లోకలైజేషన్, అంటే యాప్‌లను స్థానిక భాషకు అమర్చడం, ఏమిటో చెబుతుంది. ఒక యాప్‌లో "ఫలానావారికి డబ్బు పంపారు" అని రావాలి. పేరు వచ్చే ఖాళీ పక్కన "కి" అతికించి ఇచ్చారనుకోండి. రవి అయితే "రవికి", బాగుంది. రాముడు అయితే "రాముడుకి" అవుతుంది, తప్పు. "రాముడికి" కావాలి. మహేష్ అయితే మధ్యలో నాన్ జాయినర్ లేక "మహేష్కి" అని ష కింద క వత్తు పడుతుంది. దీనికి మందు ఖాళీ తర్వాత "గారికి" అని పెట్టడం. విభక్తి గారు మీదికి వెళ్లిపోతుంది, పేరు చెక్కుచెదరదు. స్నేహితుల మధ్య వాడే యాప్‌లో గారు బరువనిపిస్తే వాక్యాన్నే మార్చి "అందుకున్నది: మహేష్" అనొచ్చు. ఇలాంటి మూడు నాలుగు సమస్యలు వివరించగలిగితే లోకలైజేషన్ ఇంటర్వ్యూలో మీ మాట వింటారు. యంత్రానువాదం సరిదిద్దే పనిలోనూ ఇదే చూపు కావాలి. "మీ ఆర్డర్ పంపబడింది"ని "మీ ఆర్డర్ పంపించాం" అని మార్చడంతో ఆగకుండా, "బడు" ఎక్కడ అవసరం, ఎక్కడ కాదు అన్నది స్టైల్ గైడ్‌లో రాయగలగాలి.

డబ్బు సంగతి. ట్రాడోస్, మెమోక్యూ లాంటి టూల్స్‌లో పాత అనువాదాలు నిలవ ఉంటాయి, కాబట్టి పూర్తి పదాలకు డబ్బు ఇవ్వరు. 10,000 పదాల ఫైల్‌లో 3,000 పునరుక్తులు, 2,000 కొంత పోలినవి ఉన్నాయనుకోండి. పునరుక్తికి 10 శాతం, పోలినదానికి 50 శాతం అని ఒప్పందమైతే చేతికొచ్చేది 5,000 + 300 + 1,000, అంటే 6,300 పదాల డబ్బు. ఒప్పుకునే ముందు ఈ లెక్క అడగండి. పని ఇచ్చే ముందు అడిగే ఉచిత అనువాద పరీక్ష 300 పదాలు దాటితే చేయకండి.

క్షేత్ర పని, ప్రభుత్వ సంస్థలు

మైసూరులోని సీఐఐఎల్ (భారతీయ భాషల కేంద్ర సంస్థ) 1969లో పుట్టింది. భాషా డేటా కోసం ఎల్‌డీసీఐఎల్, అంతరించిపోతున్న భాషల కోసం ఎస్‌పీపీఈఎల్, అనువాదానికి జాతీయ అనువాద మిషన్, అన్నీ దాని కిందే. ప్రాజెక్టు పోస్టులు చాలావరకు కాంట్రాక్టువి. నెల్లూరులో ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఉంది. జనగణన శాఖ భాషా విభాగం కలకత్తాలో ఉంది. అక్కడి ఆఫీసర్ పోస్టులు ఎప్పుడో ఒకసారి యూపీఎస్సీ ద్వారా వస్తాయి, లింగ్విస్టిక్స్‌నే అర్హతగా అడుగుతారు, పోటీ తక్కువ. యూపీఎస్సీ సైట్‌లో రిక్రూట్‌మెంట్ ప్రకటనలు ప్రతి పదిహేను రోజులకూ చూడటం అలవాటు చేసుకోండి.

మనకు కూతవేటు దూరంలో కొలామి, గోండి, కోయ, కువి, కొండ, సవర ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలైంది, తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. ఆ పుస్తకాలు మెరుగుపరచడానికి, కొత్తవి రాయడానికి ఆ భాష ధ్వనులు తెలిసినవాళ్లు కావాలి. స్వచ్ఛంద సంస్థల్లో జీతం తక్కువ, పని మాత్రం చాలా విలువైనది. ఆ సముదాయంలో పుట్టిన విద్యార్థి లింగ్విస్టిక్స్ చదివితే ఆ పని వాళ్లు చేసినంత బాగా ఇంకెవరూ చేయలేరని నేను గట్టిగా నమ్ముతాను.

క్షేత్రానికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా రికార్డ్ చేయకండి. అందులో ధ్వని కుదించుకుపోతుంది, తర్వాత ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఫార్మెంట్లు (అచ్చుల ధ్వనిలో బలంగా ఉండే పౌనఃపున్యాలు) కొలిస్తే నమ్మదగ్గ కొలతలు రావు. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. స్టీరియోలో గంటకు దాదాపు 1 జీబీ పడుతుంది, కాబట్టి రోజుకు నాలుగు గంటలు రికార్డ్ చేస్తే వారానికి 30 జీబీ దాకా చోటు చూసుకోవాలి, రెండు కాపీలకు 60. రికార్డింగ్ విని రాతలో పెట్టడానికి ఇలాన్, నిఘంటువుకు ఫ్లెక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లున్నాయి, రెండూ ఉచితం.

విదేశాలు

అమెరికాలో పీహెచ్‌డీకి సాధారణంగా ఐదేళ్ల నిధులిచ్చి తీసుకుంటారు, దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో ఉంటాయి. మూడు సిఫారసు లేఖలు కావాలి, అన్నిటికన్నా బరువైనది రైటింగ్ శాంపిల్. మొత్తం డిసర్టేషన్ పంపితే ఎవరూ చదవరు, ఒక్క ప్రశ్న మీద 20 పేజీలకు కుదించాలి. జర్మనీలో కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో మరో మాస్టర్స్ చేయొచ్చు. సార్‌లాండ్‌లో ట్యూషన్ ఫీజు లేదు. ట్యూబింగెన్, స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రం మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. తెలుగు బోధన ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో, విస్కాన్సిన్ మాడిసన్‌లో ఉంది గానీ ఖాళీలు చాలా అరుదు.

మళ్లీ డిసర్టేషన్ దగ్గరకొస్తాను. మీరు ఏ దారికి వెళ్లినా చూపించడానికి ఒక ఫోల్డర్ కావాలి. అందులో మీరే గుర్తులు పెట్టిన 300 నుంచి 500 తెలుగు వాక్యాలు, వాటికి మీరు రాసిన నాలుగైదు పేజీల గైడ్‌లైన్స్, ఇంకొకరితో పెట్టించి తీసిన కప్పా, విభేదించిన వాక్యాల మీద ఒక పేజీ ఉంటే చాలు. డిసర్టేషన్ డేటాతోనే ఇది తయారవుతుంది. అయితే మాట్లాడినవాళ్ల అనుమతి పత్రంలో "ఈ పరిశోధన కోసం" అని మాత్రమే రాయించుకుంటే ఆ డేటా ఇంకెక్కడా పెట్టలేరు. ఆడియో బయట పెట్టొచ్చా, పేరు తీసేసి రాతగా మాత్రమే పెట్టొచ్చా, అసలు వద్దా అని మూడు గళ్లు విడివిడిగా పెట్టి, వాళ్ల భాషలో చదివి వినిపించి, రికార్డింగ్ మొదలుపెట్టే ముందే సంతకమో, నోటిమాటగా రికార్డో తీసుకోండి.